చివరి గడిలో సంతకం

ఫోన్ వచ్చినప్పుడు నేను మా ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. అవతల ఎవరో అమ్మాయి, హాస్పిటల్ బ్లడ్ బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాను, మీ అప్లికేషన్ చూశాం, గురువారం పదిన్నరకి ఇంటర్వ్యూ, ప్రాక్టికల్ పరీక్ష కూడా ఉంటుంది, వస్తారా అని అడిగింది. "వస్తానండీ" అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. ఫోన్ పెట్టేసి ఎంతసేపు నిలబడ్డానో తెలీదు గానీ, గుడ్డ మాడిన వాసన వచ్చాక కిందకి చూశాను. కాలర్ కింద ఇస్త్రీపెట్టె ముక్కు ఎంత ఉంటుందో అంత మేర గోధుమరంగు మచ్చ పడి ఉంది.

ఆ సాయంత్రం మా ఇంట్లో చర్చంతా చొక్కా గురించే. ఇంటర్వ్యూ మాట నేను మధ్యలో మెల్లిగా చొప్పించాను. మా ఆయన అన్నం కలుపుతూ ఆగి, "ఏ ఇంటర్వ్యూ? నువ్వెప్పుడు అప్లై చేశావు?" అన్నారు. కోపంగా కాదు. పెంపుడు పిల్లి ఉన్నట్టుండి మాట్లాడితే ఎలా చూస్తారో అలా చూశారు. మా అత్తగారు మాత్రం ఆశ్చర్యపోలేదు. "ఉన్న చొక్కా తగలబెట్టావు. రేపు అక్కడికెళ్లి ఏం తగలబెడతావో" అన్నారు. ఆవిడ మాటల్లో అబద్ధం ఉండదు, అదే నా ఖర్మ.

అప్లై చేసిన సంగతి చెప్తాను. నెల కిందట అత్తగారిని షుగర్ పరీక్షకి తీసుకెళ్లాను. ఆవిడ లోపల కూర్చుంటే నేను బయట ఆవిడ సంచీ, చెప్పులు, నీళ్ల సీసా పట్టుకుని నిలబడ్డాను. ఎదురుగా గాజు తలుపు మీద కాగితం అంటించి ఉంది. బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్ కావాలి, అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం. పాప పుట్టకముందు నేను ఆరేళ్లు ఆ పనే చేశాను. "ఆర్నెల్లు ఆగి చేరుదువుగాని" అన్నారు అప్పుడు. ఆ ఆర్నెల్లకి ఇప్పుడు పద్నాలుగో ఏడు నడుస్తోంది. సంచిలో పోసిన రక్తానికే ముప్పై అయిదు రోజుల్లో కాలం చెల్లిపోతుంది కదా, నా అనుభవానికి ఇంకా గడువు మిగిలి ఉంటుందా అని అనుమానం వచ్చింది. అయినా మర్నాడు కూరగాయలకని వెళ్లి, నెట్ షాపులో కాగితం నింపి, కింద హడావిడిగా పేరు రాసి హాస్పిటల్లో ఇచ్చేసి వచ్చాను. ఆరోజు కూరగాయలు తేవడం మర్చిపోయాను. దానికి వేరే అక్షింతలు పడ్డాయి లెండి.

భయం నాకు కొత్త కాదు. పాలు పొంగిపోతాయని భయం. బెల్లు మోగితే ఇల్లు సర్ది లేదని భయం. అత్తగారు దగ్గితే మందు వేళ దాటిపోయిందేమోనని భయం. ఆయన చెప్పులు విప్పే చప్పుడు వింటే ఆఫీసులో ఆరోజు ఎలా గడిచిందో నాకు తెలిసిపోతుంది. దాన్ని బట్టి పిల్లని టీవీ కట్టెయ్యమనాలేమోనని భయం. ఇవన్నీ చిల్లర భయాలు. చీమలు పాకినట్టు రోజంతా పాకుతూనే ఉంటాయి, దులుపుకుని పని చేసుకుంటాను. ఇది అలాంటిది కాదు. ఎందుకంటే, నేను వెళ్లి ఫెయిలైతే పద్నాలుగేళ్లుగా వీళ్లంటున్న "నీ వల్ల కాదులే" నిజమైపోతుంది. వెళ్లకపోతే అది వీళ్ల మాటగానే ఉండిపోతుంది. ఎటూ తేల్చుకోలేక ఫోన్ వచ్చిన శుక్రవారం నుంచి గురువారం దాకా నేను అన్నం సరిగ్గా తినలేదు. ఆ సంగతి ఎవరూ కనిపెట్టలేదు, ఎందుకంటే నేను అందరూ తిన్నాకే కదా తినేది.

ఆదివారం మధ్యాహ్నం మా ఆయనకి హుషారొచ్చింది. "నీకు ఇంటర్వ్యూ ఎలా ఉంటుందో తెలీదు, నేను నేర్పిస్తా రా" అని భోజనాల బల్ల దగ్గర కుర్చీ లాక్కుని, కళ్లజోడు ముక్కు చివరికి దించి కూర్చున్నారు. నన్ను బయటికెళ్లి తలుపు కొట్టి రమ్మన్నారు. మా ఇంట్లో భోజనాల గదికి తలుపే లేదు. గోడ మీద కొట్టి లోపలికి వచ్చాను.

"మీ గురించి చెప్పండి" అన్నారు గొంతు బొంగురు చేసుకుని.

నేను నోరు తెరిచేలోపల సోఫాలోంచి అత్తగారు అందుకున్నారు. "ఏముంది చెప్పడానికి? ఇంట్లోనే ఉంటుంది."

"అమ్మా, నువ్వు ఉండు. ఊఁ, ఈ పద్నాలుగేళ్ల గ్యాప్ ఎందుకొచ్చింది?"

"పాప పుట్టిందండీ, తర్వాత అత్తయ్యకి మోకాలి ఆపరేషన్ అయింది, అది తగ్గేసరికి మామయ్య మంచానపడ్డారు, ఆయన పోయేదాకా..."

"అబ్బబ్బ, అలా ఏడుపుగొట్టుగా చెప్తే ఎవడిస్తాడు ఉద్యోగం? కుటుంబ కారణాలు అని ఊరుకో. ఇంట్లో విషయాలు అక్కడెందుకు?" అన్నారు. "సరే, మీలో ఉన్న లోపం ఏంటి?"

"మతిమరుపు" అన్నారు అత్తగారు.

"పిరికితనం" అన్నారు ఆయన, ప్రశ్న తనదే అన్న సంగతి మర్చిపోయి.

"వాళ్లు అడిగేది అమ్మని నాన్నా" అంది మా అమ్మాయి. దాన్ని ఇంట్లో అందరం లాయరు అంటాం. పుట్టిన దగ్గర్నుంచీ ఏ మాటా ఊరికే ఒప్పుకోదు. ఇంతలో లోపల కుక్కర్ మూడో కూత వేసింది. నేను లేచాను. "చూశావా, ఇంటర్వ్యూ మధ్యలో ఇలా లేచిపోతే ఉద్యోగం గోవిందా" అని నవ్వి, "ఎలాగూ లేచావు, వచ్చేటప్పుడు నాకో టీ" అన్నారు. ఇందులో పెద్ద అన్యాయం ఏముంది అని ఎవరైనా అడిగితే నేను చెప్పలేను. ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు, వెళ్లొద్దనలేదు. టీ పెడుతుంటే మాత్రం నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి. ఉల్లిపాయలు కూడా లేవు, నెపం పెట్టుకోవడానికి.

చదివించింది లాయరే. అటక మీంచి నా పాత పుస్తకం దింపింది. నేను కూరలు తరుగుతుంటే వంటగట్టు మీద కూర్చుని ప్రశ్నలు వేసేది. ఏ గ్రూపు రక్తం ఎవరికి ఎక్కించకూడదు, సంచి ఎంత చల్లదనంలో పెట్టాలి, ఎక్కిస్తుండగా మనిషికి వణుకొస్తే ముందు ఏం చెయ్యాలి. సగం జవాబులు నాకు తెలియకుండానే నోట్లోంచి వచ్చేశాయి. మిగతా సగానికి గుండె ఝల్లుమంది. "అమ్మా, నీకిదంతా వచ్చా?" అంది అది, పుస్తకం మూసి. ఆ ఆశ్చర్యానికి నాకు సంతోషం వెయ్యాలో సిగ్గు వెయ్యాలో తెలియలేదు. "ఇన్నాళ్లూ చెప్పలేదేంటి?" అంది మళ్లీ. "ఎవరడిగారే?" అన్నాను.

అసలు భయం చేతుల గురించి. పుస్తకం మళ్లీ చదవొచ్చు, చెయ్యి వణికితే ఏం చేస్తాం? చెవి మందు డ్రాపర్ కడిగి, తెల్ల పళ్లెం మీద నీళ్ల చుక్కలు వరసగా వేసి చూసుకున్నాను. ఒక్కటీ నిలవలేదు. చెయ్యి వణికి చుక్క పక్కచుక్కలో కలిసిపోయింది. పదిసార్లు వేశాను, పదిసార్లూ అంతే. "పళ్లేలు కడుగుతున్నావా, వాటితో ఆడుకుంటున్నావా?" అన్నారు అత్తగారు మంచినీళ్లకొచ్చి. బుధవారం మధ్యాహ్నం హాస్పిటల్‌కి ఫోన్ చేసి రానని చెప్పేద్దామని నంబరు నొక్కాను కూడా. అవతల మోగుతుంటే ఈవలే కట్టేశాను. ధైర్యం వచ్చి కాదు. రానని చెప్పడానికి కూడా ఎవరితోనో మాట్లాడాలి కదా, దానికీ భయమేసింది.

గురువారం పొద్దున నాలుగింటికి లేచి మూడు పూటలకీ వండేశాను. మా ఆయన సగం రోజు సెలవు పెట్టారు. "నువ్వొక్కదానివే వెళ్లగలవా? నేను దింపుతాను" అన్నారు. మంచి మాటే. రిసెప్షన్‌లో ఒక గుమాస్తా కూర్చుని పేర్లు రాసుకుంటున్నాడు. పేరు అని నా మొహం చూసి అడిగితే మా ఆయన చెప్పారు. చదువు అంటే ఆయనే చెప్పారు. వయసు అంటే కూడా ఆయనే చెప్పారు, అదీ ఒక ఏడు ఎక్కువేసి. ఆ గుమాస్తా పెన్ను ఆపి, "ఉద్యోగం ఎవరికి సార్, మీకా మేడమ్‌కా?" అన్నాడు. ఆయన నవ్వేశారు. నేను కూడా నవ్వాను. ఇలాంటప్పుడు నేను నవ్వుతాను, పద్నాలుగేళ్లలో బాగా వచ్చిన విద్య అది.

బెంచీల మీద నాతో కలిపి ఎనిమిది మందిమి. అందరిలో నేనే పెద్దదాన్ని. పక్కనున్న అమ్మాయికి ఇరవై మూడో ఇరవై నాలుగో ఉంటాయి, ఒళ్లో కొత్త ఫైలు. నా వైపు వంగి మర్యాదగా, "మీ అమ్మాయి లోపలుందా ఆంటీ?" అంది. "లేదమ్మా, నేనే" అన్నాను. పాపం దాని మొహం ఎర్రబడింది. "సారీ మేడమ్" అని ఫైల్లోకి చూపు దించేసుకుంది. ఆంటీ నుంచి మేడమ్‌ని అవడానికి ఒక్క మాట చాలింది. కానీ నా అరచేతులు తడిసిపోయి కాగితాలు అంటుకుపోతున్నాయి. బాత్రూమ్‌కి రెండుసార్లు వెళ్లొచ్చాను. మూడోసారి లేవబోతుంటే నా నంబరు పిలిచారు.

ల్యాబ్‌లోకి అడుగు పెట్టగానే ముందు వాసన తగిలింది. స్పిరిట్, ఫ్రిజ్ చలి, రబ్బరు. మిషన్లు చాలావరకు నేనెరగనివి, తెల్లగా, పెద్దగా, తెరలతో. అయిపోయిందిరా దేవుడా అనుకున్నాను. బల్ల దగ్గర ఒకావిడ నిలబడి ఉన్నారు, ఏభై దాటిన మనిషి, జుట్టు బిగించి ముడేసుకుని. ఆవిడే ఇన్‌ఛార్జి. "మిషన్ ఆగిపోయినప్పుడు చేత్తో చెయ్యడం వస్తుందో లేదో చూస్తాం. అయిదు శాంపిల్స్, గ్రూపు కనిపెట్టి ఈ కాగితంలో రాయండి" అన్నారు. తర్వాత, "గ్లవ్స్ ఏ సైజు?" అన్నారు.

"ఆరున్నర" అన్నాను. ఆలోచించకుండానే వచ్చింది. నా చెప్పుల సైజు మా ఇంట్లో ఎవరికీ తెలీదు, ఒక్కోసారి నాకే గుర్తుండదు. గ్లవ్స్ సైజు పద్నాలుగేళ్ల తర్వాత కూడా నాలిక మీదే ఉంది.

గ్లవ్స్ తొడుక్కున్నాక ఏమైందో నేను సరిగ్గా చెప్పలేను. భయం ఎక్కడికీ పోలేదు. కానీ చేతులు నన్ను అడగడం మానేశాయి. ట్యూబు మీద నంబరు, కాగితం మీద నంబరు పైకి చదివి సరిచూసుకున్నాను. గాజు పలక మీద గ్రూపు తేల్చే మందులు, నీలం సీసాలోంచి చుక్క, పసుపు సీసాలోంచి చుక్క, రంగులేని దాంట్లోంచి చుక్క, వాటి పక్కన రక్తం. పుల్లతో కలిపి పలకని మెల్లిగా ఊపాను. రక్తం గుత్తులు కట్టిందో లేదో రెండు నిమిషాల్లో చూసెయ్యాలి, ఆలస్యమైతే అంచులు ఎండి, గుత్తులు కట్టినట్టు కనిపించి మోసం చేస్తుంది. నాలుగింటి ఫలితం స్పష్టంగా తేలింది. అయిదోది తేలీ తేలనట్టు ఉంది. కళ్లు చికిలించి చూసి, ఊహించి రాయకుండా, "అనుమానం, మళ్లీ ట్యూబులో చెయ్యాలి" అని రాశాను. ఒక్కో వరస చివర "పరీక్షించినవారి సంతకం" అని గడి. అయిదు వరసలూ నింపి, అయిదు సంతకాలు పెట్టి, కాగితం ఇచ్చేసి బయటికొచ్చాను.

"ఎలా చేశావు?" అన్నారు మా ఆయన. "బాగానే చేశాననుకుంటానండీ" అన్నాను. చాలా ఏళ్ల తర్వాత లోపల ఏదో తేలిగ్గా అయింది. అది అయిదు నిమిషాలు కూడా నిలవలేదు. ఆయా హాజరు కాగితం తెచ్చి నా చేతికిచ్చింది, వచ్చినవాళ్లంతా సంతకం చెయ్యాలట. పెన్ను ఆనించాను. చెయ్యి పైనుంచి కిందికి పెద్ద కొక్కెంలా ఒక గీత గీసి, దాని కడుపులోంచి సున్నా చుట్టబోయింది. అక్కడ ఆగిపోయాను. అది మా ఆయన సంతకం.

ఈ సంతకం సంగతి మీకు చెప్పాలి. లాయరు బళ్లో చేరిన దగ్గర్నుంచీ మార్కుల కార్డులు, సెలవు చీటీలు, కొరియర్ రసీదులు, ఇంటి అద్దె కాగితాలు, సొసైటీ వాళ్ల నోటీసులు, అన్నింటికీ తండ్రి సంతకమో ఇంటి పెద్ద సంతకమో కావాలి. ఆయన టీవీలోంచి తల తిప్పకుండా "నువ్వే పెట్టెయ్, నాకంటే నీకే బాగా వచ్చు" అనేవారు. నిజంగానే బాగా వచ్చింది. ఒకసారి బ్యాంకులో ఆయన స్వయంగా పెట్టిన సంతకం కలవలేదని వెనక్కి పంపేస్తే, ఇంటికొచ్చి నా చేత పెట్టించుకెళ్లారు. ఈ కథ చుట్టాలందరికీ చెప్పి నవ్వించేవారు. నేనూ నవ్వేదాన్ని. నా పేరు మీద మా ఇంటికి కాగితాలే రావు కాబట్టి నా సంతకంతో ఎవరికీ పని పడలేదు.

లోపల నేనిచ్చిన కాగితం మీద అదే సంతకం అయిదుసార్లు ఉంది.

మా ఆయన చెవిలో చెప్పాను. ఆయన ముందు అర్థం కానట్టు చూసి, తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. "నా సంతకమేగా, పరాయిదా? గీతలు గీతలే, ఎవడు చూడొచ్చాడు? నోర్మూసుకుని కూర్చో." నేను కూర్చోలేదు. "ఏంటి, లోపలికెళ్లి చెప్తావా? నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటావా? అక్కడ నవ్వుతారే నిన్ను" అన్నారు. ఈసారి ఆయన నవ్వలేదు. ఆయన చెప్పిందాంట్లో తప్పు లేదు. నవ్వుతారు. నవ్వి పంపించేస్తారు. ఇంటికెళ్తే అత్తగారు, ఆడపడుచు, రేపు వచ్చే చుట్టాలూ అందరూ ఇంకో పదేళ్లు ఇదే చెప్పుకుని నవ్వుతారు.

కానీ నాకు ఆ పని నేర్పిన పాత మేడమ్ ఒకావిడ ఉండేవారు. ఆవిడ దగ్గర సూత్రం ఒక్కటే, కళ్లతో చూడనిదానికి సంతకం పెట్టకు, పెట్టాక చూళ్లేదనకు. రక్తం గ్రూపు తప్పైతే మనిషి పోతాడు. పోతే అందరూ ముందు చూసేది ఆ గడే. ఆ గడిలో ఎవరు ఉన్నారు? మా ఆయన. లాయరు చిన్నప్పుడు మోకాలు గీరుకుపోతే ఆ నాలుగు చుక్కల రక్తం చూసి కళ్లు తిరిగి కూలబడ్డ మనిషి. చూసింది నేను, ఉన్నది ఆయన. వెళ్లి తలుపు కొట్టాను.

లోపల ఇన్‌ఛార్జి గారితో పాటు ఒక డాక్టరు గారు కూర్చుని ఉన్నారు. "ఇంటర్వ్యూకి మీ నంబరు ఇంకా పిలవలేదే" అన్నారు ఆయన.

"నా కాగితంలో తప్పుందండీ" అన్నాను. "ఫలితాలు కాదు. సంతకాలు. అవి నావి కావు. మా ఆయనవి. అంటే పెట్టింది నేనే. ఇంట్లో అన్నింటికీ ఆయన సంతకం నేనే పెడతాను, అలవాటులో పెట్టేశాను."

డాక్టరు గారు కిసుక్కున నవ్వారు. ఇన్‌ఛార్జి గారు నవ్వలేదు. కట్టలోంచి నా కాగితం వెతికి తీసి, చాలాసేపు చూశారు.

"తప్పు పడితే ఎలా దిద్దాలి?" అన్నారు.

"ఒక్క గీత కొట్టాలండీ. కింద రాసింది కనపడుతూనే ఉండాలి. పక్కన సరైనది రాసి, తేదీ, టైము, కారణం రాయాలి."

"దిద్దండి" అని పెన్ను నా ముందుకి తోశారు.

మొదటి సంతకం మీద అడ్డంగా గీత కొట్టాను. తేదీ రాశాను, టైము రాశాను. కారణం దగ్గర ఆగాను. ఏం రాయాలి? పొరపాటు అని రాయొచ్చు. కానీ ఏం పొరపాటు? "అలవాటు కొద్దీ భర్త సంతకం పెట్టాను" అని రాశాను. చదువుకుంటే కళ్లు మండాయి. నా జీవితం గురించి నేను కాగితం మీద రాసిన మొదటి మాట అదే అనుకుంటా. ఇక నా సంతకం పెట్టాలి. పెన్ను కాగితానికి ఆనించి ఉంచాను. చెయ్యి కదల్లేదు. నా సంతకం ఎలా ఉండేదో నాకు గుర్తు రాలేదు. ఆరేళ్లపాటు రోజుకి వంద గడుల్లో పెట్టిన సంతకం. మొదటి అక్షరం కింద ఏదో తోకలా లాగేదాన్ని, లేకపోతే మీద లాగేదాన్నా? ఆ వారం రోజుల్లో పడ్డ భయాలన్నీ ఒక ఎత్తు, ఆ క్షణం ఒక ఎత్తు. నేను చచ్చిపోయి, ఎవరో వచ్చి నా కుర్చీలో కూర్చున్నట్టు అనిపించింది.

"కంగారు లేదు" అన్నారు ఇన్‌ఛార్జి గారు. ఇక చేసేది లేక, ఒకటో తరగతి పిల్లలా నా పేరు మొత్తం, అక్షరం అక్షరం విడివిడిగా రాశాను. అయిదు వరసల్లోనూ. అయిదో దగ్గరికొచ్చేసరికి అక్షరాలు కాస్త ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"పద్నాలుగేళ్లు ఏం చేశారు?" అన్నారు డాక్టరు గారు నా అప్లికేషన్ తిరగేస్తూ.

కుటుంబ కారణాలు అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "ఇంటి పని చేశానండీ. పిల్లని పెంచాను. మా అత్తగారి మోకాళ్లు, మా మామగారి చివరి రోజులు చూశాను. పొద్దున అయిదింటి నుంచి, సెలవు లేకుండా. చేతులు ఒక్కరోజు ఊరుకోలేదు. నా పేరు రాయాల్సిన పని మాత్రం ఎక్కడా తగల్లేదు."

డాక్టరు గారు నా అప్లికేషన్ మూసి పక్కన పెట్టారు. తర్వాత ఇన్‌ఛార్జి గారు వరసపెట్టి ప్రశ్నలు వేశారు. మూడింటికి చెప్పాను, కొత్త మిషన్ గురించి అడిగిన రెండింటికీ తెలీదని చెప్పాను. నేర్పిస్తే నేర్చుకుంటానన్నాను. ఆఖర్న ఆవిడ, "భయంగా ఉందా?" అన్నారు.

"చాలా ఉందండీ."

"ఉండనివ్వండి. భయం లేనివాళ్లని ఇక్కడ పెడితే నాకు నిద్ర పట్టదు" అన్నారు.

దారంతా మా ఆయన, "పోనీలే, వెళ్లొచ్చావు, అదే చాలు" అంటూనే ఉన్నారు. ఓదార్పే అది. శుక్రవారం ఫోన్ రాలేదు. శనివారం మధ్యాహ్నం, ముగ్గురికీ వడ్డిస్తుండగా మోగింది. గరిటె ఒక చేత్తో, ఫోన్ ఒక చేత్తో పట్టుకున్నాను. ఇన్‌ఛార్జి గారే. ఎనిమిది మందిలో ముగ్గురు నంబర్లు తప్పు రాసి, ఎవరికీ తెలియకుండా పైపైన దిద్దేశారట. ఒకబ్బాయి ఏకంగా కొత్త కాగితం అడిగాడట. అనుమానంగా ఉన్న శాంపిల్‌ని అనుమానం అని రాసినవాళ్లు ఇద్దరే. తప్పుందని తనంతట తాను వచ్చి చెప్పింది ఒక్కరే. "సోమవారం నుంచి రండి. మొదటి మూడు నెలలు పొద్దున షిఫ్టు, ఆరింటి నుంచి రెండింటిదాకా. ఇంట్లో కనుక్కుని చెప్తారా?" అన్నారు.

బల్ల దగ్గర ముగ్గురూ తినడం ఆపి నన్నే చూస్తున్నారు. "లేదండీ, వస్తాను" అన్నాను.

ఫోన్ పెట్టేసి చెప్పాను. లాయరు ఎంగిలి చేత్తోనే లేచి వచ్చి నన్ను కావలించుకుంది. మా ఆయన "అరె, నిజంగానా?" అన్నారు. సంతోషించారు, ఆ మాట చెప్పాలి. తర్వాత ఆ మొహంలో లెక్కలు మొదలయ్యాయి. "ఆరింటికా? అంటే అయిదుంపావుకే బయల్దేరాలి కదా. నేను ఒకసారి వాళ్లతో మాట్లాడి షిఫ్టు మార్పించనా?" అన్నారు. "వద్దండీ, నేను ఒప్పేసుకున్నాను" అన్నాను. చేతిలో గరిటె గిన్నెలో పెట్టేశాను.

అత్తగారు ముద్ద నమిలి, మింగి, నీళ్లు తాగి, నెమ్మదిగా అడిగారు. "అంత పొద్దున్నే నువ్వెళ్లిపోతే ఇంట్లో ఎవరుంటారు అమ్మాయ్?"

నాకు భయమేసింది. ఇంటర్వ్యూ గదిలో కన్నా ఎక్కువ భయమేసింది. బల్ల చుట్టూ ఒక్కొక్కరినీ చూశాను.

"మీరు ముగ్గురూ ఉంటారు అత్తయ్యా" అన్నాను.